క్రాస్ కంట్రీలో గుర్రం పల్టీ కొట్టడం గురించి: మా అమ్మాయిని ఈవెంటింగ్‌కి పంపాలా?

చుక్కలగుర్రం_అమ్మ · 1

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ మీరు రాసేవి చదవడమే తప్ప నేను రాయడం ఇదే మొదలు. మా అమ్మాయికి 16 ఏళ్ళు. చిన్నప్పటి నుంచి స్వారీ చేస్తోంది, నాలుగేళ్ళుగా షో జంపింగ్‌లో ఉంది. ఇప్పుడు ఈవెంటింగ్‌కి, అంటే డ్రెస్సాజ్, క్రాస్ కంట్రీ, షో జంపింగ్ మూడూ ఉండే పోటీకి, వెళ్తానని పట్టుబట్టింది. డ్రెస్సాజ్ అంటే గుర్రంతో పద్ధతిగా నడకలు చేయించడం, దాని గురించి నాకు బెంగ లేదు. షో జంపింగ్‌లో కాలు తగిలితే కర్ర కింద పడుతుంది, అదీ ఇన్నేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. నా భయమంతా మధ్యలో వచ్చే క్రాస్ కంట్రీ. అక్కడ కర్ర పడదు, గుర్రం పడుతుంది.

మొన్న రాత్రి తను పడుకున్నాక ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. 2024 మే నెలలో బ్రిటన్‌లోని బిక్టన్ పోటీలో జార్జీ క్యాంప్‌బెల్ పడి చనిపోయిన వార్త కనబడింది. ఆవిడ కొత్తగా నేర్చుకుంటున్న మనిషి కాదు, అన్నిటికన్నా పై స్థాయి అయిన 5 స్టార్ పోటీల్లో దిగిన రైడర్. అన్నీ తెలిసినవాళ్ళకే అలా జరిగితే మా పిల్ల ఎంత? ఆ రాత్రి ఇక నిద్ర పట్టలేదు.

వద్దని చెప్పడం నాకు ఒక్క నిమిషం పని. కారణం చెప్పకుండా వద్దంటే మాత్రం అది రేపు నాకు చెప్పకుండా వెళ్తుంది, దాని సంగతి నాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను. ఇలా ఎందుకు పడతారు? ఆపడానికి ఏం చేస్తున్నారు? తల్లిగా నేను ఏం చూసుకోవాలి? దయచేసి "ఏం కాదులెండి" అని మాత్రం రాయకండి.

రికాబు · 2

ఆ మాట ఇక్కడ ఎవరూ రాయరండీ. నేను పదకొండేళ్ళు ఈవెంటింగ్ చేశాను, ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను. ముందు ఒక తేడా చెప్తాను. అది అర్థమైతే మిగతాదంతా దాని వెనకాలే వస్తుంది.

రైడర్ పడటం వేరు, గుర్రం పడటం వేరు. గుర్రం ఫెన్స్ ముందు ఆగిపోతే మనం దాని మెడ మీదుగా జారిపోవడం, దూకి దిగేటప్పుడు పట్టు తప్పి పక్కకి ఒరిగిపోవడం, ఇవే ఎక్కువగా జరిగేవి. వీటిని చిన్నవి అనను. సూపర్‌మ్యాన్ వేషం వేసిన క్రిస్టఫర్ రీవ్ పడింది ఇలాగే. 1995 మే 27న వర్జీనియాలోని కల్పెపర్‌లో ఆయన గుర్రం మూడో ఫెన్స్ దగ్గర ఆగిపోయింది. ఆయన తలకిందులుగా పడ్డాడు, మెడలో పై రెండు వెన్నుపూసలు విరిగాయి. హెల్మెట్టూ ఉంది, బాడీ ప్రొటెక్టరూ ఉంది. అయినా మిగతా జీవితమంతా చక్రాల కుర్చీలోనే గడిచింది.

గుర్రం పడటంలో అన్నిటికన్నా ఘోరమైంది పల్టీ. రొటేషనల్ ఫాల్ అంటాం. క్రాస్ కంట్రీలో ఫెన్స్ అంటే గట్టిగా బిగించిన దుంగ, అది కదలదు. గుర్రం ముంగాళ్ళు మోకాలికి పైన, లేకపోతే ఛాతీ, ఆ దుంగకి తగిలి ముందు భాగం ఉన్నచోటే ఆగిపోతుంది. వెనక భాగం మాత్రం వచ్చిన వేగంతోనే వస్తూ ఉంటుంది. దుంగ ఇరుసు అయినట్టు గుర్రం మొత్తం దాని మీదుగా తిరుగుతుంది. అప్పటికే రైడర్ అవతల నేల మీద ఉంటాడు. అర టన్ను జంతువు వీపు వైపు నుంచి అతని మీదకి దిగుతుంది. పక్కకి దొర్లడానికి టైము ఉండదు. ఈ ఆటలో పోయినవాళ్ళలో చాలామంది ఇలా పోయినవాళ్ళే.

మూడోజెండా · 3

నేను ఫెన్స్ జడ్జిని. పోటీ రోజున ఒక ఫెన్స్ దగ్గర కుర్చీ వేసుకుని, రేడియో, విజిల్, ఎర్ర జెండా పట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటాను. పన్నెండేళ్ళలో ఒక్క పల్టీ చూశాను. ఎప్పుడూ రాయలేదు. ఈ తల్లి అడిగింది కాబట్టి రాస్తున్నాను.

మధ్యాహ్నం మూడు దాటింది. నాది ఒక నిటారు కర్రల ఫెన్స్, చెట్ల నీడలోంచి ఎండలోకి వచ్చే చోట. అప్పటికి అరవై పైచిలుకు గుర్రాలు దాటాయి, ఒక్కటి కూడా తడబడలేదు. ఆ గుర్రం మలుపు తిరిగి వస్తుంటేనే దాని అడుగు నాకు తేడాగా అనిపించింది. అడుగు సాగిపోయింది, మెడ బాగా ముందుకు చాచి ఉంది. రైడర్ ఒక అడుగు ముందే ఎగరాలనుకుంది. గుర్రం ఇంకో చిన్న అడుగు వేసింది. ఇద్దరి లెక్కా తప్పింది.

చప్పుడు పెద్దగా రాలేదు. తలుపు మీద చేత్తో కొట్టినట్టు ఒక దెబ్బ, అంతే. ఆ తర్వాత నాకు గుర్తున్నది గుర్రం పొట్ట కింద బిగించిన పట్టీ ఆకాశం వైపు తిరిగి కనబడటం. "ఫెన్స్ 14, రైడర్ పడింది, గుర్రం పడింది, డాక్టర్ కావాలి" అని రేడియోలో చెప్పాను. ఆ గొంతు నాది కాదనిపించింది. వెనక వస్తున్న రైడర్‌కి ఎర్ర జెండా చూపించి ఆపాను. గుర్రం తనంతట తాను లేచి, పగ్గాలు ఈడ్చుకుంటూ, పది గజాల దూరంలో నిలబడి గడ్డి మేసింది. ఆ అమ్మాయి ప్రాణాలతో బయటపడింది. గుర్రం రెండు చేతుల వెడల్పు ఎడంగా పడింది కాబట్టి బతికింది. అది ఎవరి నేర్పూ కాదు.

మరుసటి ఏడాది ఆ ఫెన్స్ మార్చేశారు. అడుగున దుంగ వేసి, ముందుకి వాలుగా కట్టారు. నేను ఇప్పటికీ జడ్జిగా వెళ్తున్నాను. ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి కదా.

పాతజీను · 4

అన్నా, చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి.

కొత్తవాళ్ళ కోసం కొంచెం వెనక కథ. ఇది సైనికుల ఆట, 1912 స్టాక్‌హోమ్‌లో ఒలింపిక్స్‌లోకి వచ్చింది. పడినా లేచి ఎక్కాలి అన్నది అప్పటి ధర్మం. 1936 బెర్లిన్‌లో నాలుగో ఫెన్స్ అయిన నీటి గుంటలో చాలా గుర్రాలు పడ్డాయి. అక్కడే పడ్డ జర్మన్ అధికారి ఫాన్ వాంగెన్‌హైమ్ మెడ కింది ఎముక విరిగినా పోటీ పూర్తి చేశాడు, జట్టుకి స్వర్ణం వచ్చింది. 1960 రోమ్‌లో ఆస్ట్రేలియా రైడర్ బిల్ రాయ్‌క్రాఫ్ట్ పడి ఆసుపత్రిలో చేరాడు. మర్నాడు మంచం దిగొచ్చి షో జంపింగ్ చేశాడు, వాళ్ళకీ జట్టు స్వర్ణమే. మేమంతా ఈ కథలు వింటూ పెరిగాం. ఇవి మాకు ధైర్యం ఇచ్చిన మాట నిజం. కొంత అపకారం చేసిన మాటా నిజమేనని ఇప్పుడు అనిపిస్తుంది. ఇప్పటి నిబంధనల్లో క్రాస్ కంట్రీలో ఒక్కసారి పడితే చాలు, రైడర్ అయినా గుర్రం అయినా పోటీ అక్కడితో ఆఖరు.

అసలు మలుపు 1999. బ్రిటన్‌లో ఆ ఒక్క సీజన్‌లోనే 5 గురు రైడర్లు చనిపోయారు. లార్డ్ హార్టింగ్టన్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు, 2000 ఏప్రిల్‌లో నివేదిక వచ్చింది. అందులో ప్రధానమైన మాట ఒక్కటే: గుర్రం పడకుండా చూడండి. గుర్రం పడకపోతే మనిషీ బతుకుతాడు, గుర్రమూ బతుకుతుంది. ఆ తర్వాత వచ్చిన మార్పులన్నీ ఈ ఒక్క మాట చుట్టూ తిరిగినవే.

అంతటితో సమస్య తీరిపోలేదు. 2014లో జర్మనీలోని లూమ్యూలెన్‌లో 25 ఏళ్ళ బెంజమిన్ వింటర్ పోయాడు. 2016లో ఆస్ట్రేలియాలో రెండు నెలల్లోపే ఇద్దరు ఆడపిల్లలు పోయారు, ఒకరికి 17, ఇంకొకరికి 19. ఆ రెండు మరణాల మీద అక్కడి కరోనర్ విచారణ జరిపి 2019లో సిఫార్సులు ఇచ్చాడు. మనం పాఠాలు చావుల దగ్గరే నేర్చుకుంటున్నాం. నన్ను బాధపెట్టేది అదే.

కొయ్యపని · 5

నేను ఫెన్సులు కట్టేవాడిని. కోర్స్ డిజైనర్ గీస్తాడు, మేము కడతాం. గుర్రాన్ని పడనివ్వకుండా చేసే పని సగం మా చేతుల్లోనే ఉంటుంది కాబట్టి వివరంగా రాస్తాను.

ఒకప్పుడు దుంగని మేకులతో, తాళ్ళతో బిగించి వదిలేసేవాళ్ళం. ఇప్పుడు వీలైనచోటల్లా ఫ్రాంజిబుల్ పద్ధతి, అంటే బరువు పడితే విరిగే ఏర్పాటు. 1999 తర్వాత బ్రిటన్‌లో పరిశోధన చేసి తెచ్చిన అల్యూమినియం పిన్ను బొటనవేలంత లావుంటుంది. దుంగ ఆ పిన్ను మీద కూర్చుంటుంది. గుర్రం దుంగ మీద పడి తిరగడం మొదలుపెట్టగానే కిందకి నొక్కే బలానికి పిన్ను తెగి దుంగ జారిపోతుంది, కాళ్ళకి దారి దొరుకుతుంది. దాంతో ఇరుసు పోతుంది, తిరగడం ఆగుతుంది. మొదట్లో ఇవి కిందకి వచ్చే బలానికే విరిగేవి. ఎదురుగా వచ్చి గుద్దుకుంటే కూడా పనిచేసేలా తర్వాత మార్పులు చేశారు. స్వీడన్ నుంచి వచ్చిన మిమ్ క్లిప్పులు ముందుకి తోసే బలానికీ, కిందకి నొక్కే బలానికీ రెండింటికీ వదిలేస్తాయి. గేట్లకీ, మూల ఫెన్సులకీ, బల్లల్లాంటి వాటికీ కూడా వాటిని బిగించవచ్చు.

పోటీకి ముందు సాయంత్రం నేను ప్రతి పిన్ను దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని వేలితో తడిమి చూస్తాను. కొంచెం వంగినా తీసేస్తాను. పొద్దున ఒక గుర్రం గట్టిగా తగిలి వెళ్తే పైకి ఏమీ కనబడదు, లోపల పిన్ను అలసిపోయి ఉంటుంది. అలాంటిది తర్వాత వచ్చే గుర్రం తేలిగ్గా తగిలినా తెగుతుంది. అందుకని దెబ్బ తగిలిన ప్రతిసారీ వెళ్ళి చూడాల్సిందే.

పిన్ను ఒక్కటే చాలదు. గుర్రం ఎక్కడ ఎగరాలో ఫెన్స్ అడుగు చూసి లెక్కగడుతుంది. అడుగున దుంగో, పొదో, ఏదో ఒకటి గీతలా కనబడాలి. అడుగు ఖాళీగా ఉండి పైన సన్నటి నిటారు కర్రలుంటే దానికి దూరం అందదు. ముందుకి వాలుగా, గుండ్రంగా, లావుగా ఉన్న ఫెన్స్ మీద మోకాలు తగిలినా జారి పైకి వెళ్తుంది. మూడోజెండా గారు చెప్పిన నీడ సంగతీ పెద్దదే. చీకట్లోంచి వెలుగులోకి వస్తే గుర్రం కన్ను సర్దుకోడానికి మనకన్నా ఎక్కువ టైము పడుతుంది. రంగులు కూడా మనలా కనబడవు, నారింజ రంగు గడ్డిలో కలిసిపోతుంది. ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇది పరీక్షించి చెప్పాక బ్రిటన్‌లో జంపు రేసుల ఫెన్సులకి నారింజ తీసేసి తెలుపు వేయడం మొదలుపెట్టారు. మనిషి కంటికి బాగుందని కట్టిన ఫెన్స్ గుర్రానికి కనబడకపోతే అది మా తప్పే.

దౌడు_దౌడు · 6

పిన్ను మంచిదే, కాదనను. కానీ పిన్ను విరిగితే 11 పెనాల్టీ పాయింట్లు ఏమిటి? టోక్యో ఒలింపిక్స్‌లో జర్మనీ రైడర్ మిఖాయెల్ యుంగ్‌కి ఏమైందో అందరం చూశాం. డ్రెస్సాజ్ తర్వాత ముందున్నది ఆయన. క్రాస్ కంట్రీలో ఒక్క ఫెన్స్ దగ్గర క్లిప్ వదిలేసింది, 11 పడ్డాయి, చివరికి 8వ స్థానం. ఆ గుర్రం పడే పరిస్థితిలో ఉన్నట్టు నాకు ఏ కోణంలో చూసినా కనబడలేదు. ప్రాణం కాపాడటానికి పెట్టిన వస్తువుతో పతకం లాక్కుంటే రైడర్లు పిన్ను ఫెన్సులంటేనే విసుక్కుంటారు. నేను జూనియర్ స్థాయిలో ఆడుతున్నాను, నాకూ ఒకసారి ఇలాగే అయింది.

కొయ్యపని · 7

తమ్ముడూ, నీ బాధ అర్థమవుతుంది. యుంగ్ విషయంలో నాకూ మనసు చివుక్కుమంది. అయితే పెనాల్టీ తీసేస్తే ఏమవుతుందో ఒకసారి ఆలోచించు. విరిగే ఫెన్స్ దగ్గర వేగం తగ్గించక్కర్లేదు, తగిలితే అదే పడిపోతుంది అని రైడర్లు షో జంపింగ్ కర్ర మీదకి వెళ్ళినట్టు వెళ్తారు. అన్ని దెబ్బలకీ పిన్ను విరగదు. విరగకుండా గుర్రం పడిన సందర్భాలూ ఉన్నాయి. పిన్ను ఆఖరి ఆసరా. ముందు నుంచీ దాన్నే నమ్ముకుని స్వారీ చేయకూడదు.

రికాబు · 8

నేను లెక్కల్లో చెప్తాను, పిల్లలకి కూడా ఇలాగే చెప్తాను. క్రాస్ కంట్రీలో నిర్ణీత సమయం దాటిన ప్రతి సెకనుకీ 0.4 పెనాల్టీ పాయింటు. అంటే 11 పాయింట్లకి 27 సెకన్ల పైన. గుర్రం ఆగితే 20 పాయింట్లు, అంటే 50 సెకన్లు. కష్టమైన ఫెన్సులకి చాలాచోట్ల పక్కనే సులువు దారి ఉంటుంది. అది చుట్టి వస్తే 5 సెకన్లో 6 సెకన్లో పోతాయి, అంటే రెండు పాయింట్ల చిల్లర. గుర్రం సరిగా రావడం లేదని మలుపులో తెలిసినప్పుడు ఆ రెండు పాయింట్లు ఖర్చుపెట్టడం చేతగానితనం కాదు. అది నేర్పడానికి నాకు ఎగరడం నేర్పేదానికన్నా ఎక్కువ కాలం పడుతుంది.

వేగం సంగతి కూడా చూడండి. 5 స్టార్‌లో నిమిషానికి 570 మీటర్లు, గంటకి 34 కిలోమీటర్ల పైన, అదీ దాదాపు 11 నిమిషాల పాటు. మీ అమ్మాయి మొదలుపెట్టేది దీనికి చాలా కిందనే. కానీ అలవాట్లు కింద ఉన్నప్పుడే పడతాయి.

నా సంగతి కూడా చెప్తాను. ఒక పోటీలో డ్రెస్సాజ్ తర్వాత మొదటి స్థానంలో ఉన్నాను. స్టార్ట్ బాక్స్ దగ్గర ఎవరో మంచికే వచ్చి "నువ్వే ముందున్నావ్, జారవిడుచుకోకు" అన్నారు. చివరి నుంచి మూడో ఫెన్స్‌కి వచ్చేసరికి పగ్గాల్లో బరువు పెరిగింది. అలసిన గుర్రం మన చేతుల మీద ఆనుతుంది. గిట్టల చప్పుడు కూడా మారుతుంది, ముందున్నంత గుండ్రంగా వినబడదు. నాకు అన్నీ తెలిశాయి. ఆపలేదు. నా గుర్రం పక్కకి పడింది, పల్టీ కొట్టలేదు, అందుకే ఇది రాయగలుగుతున్నాను. కటి ఎముక విరిగి మూడు నెలలు మంచం మీద ఉన్నాను. గుర్రానికి ఏం కాలేదు. అది తెలిసేదాకా ఆ రోజు నేను పచ్చి నీళ్ళు ముట్టలేదు.

చాలా కాలం తర్వాత లివర్‌పూల్ విశ్వవిద్యాలయం వాళ్ళ అధ్యయనం చదివాను. క్రాస్ కంట్రీకి ముందు తామే ముందున్నామని తెలిసిన రైడర్లు పడే ప్రమాదం ఎక్కువని అందులో తేలింది. ఆ పేజీ చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఇప్పుడు నా పిల్లలకి క్రాస్ కంట్రీ అయ్యేదాకా స్కోరు చెప్పను, తల్లిదండ్రుల్నీ చెప్పనివ్వను.

నల్లజూలు · 9

ఎయిర్ వెస్ట్ వేసుకుంటే చాలా? మా దగ్గర అందరూ అవే కొంటున్నారు. కింద బాడీ ప్రొటెక్టర్ బరువెందుకని మానేస్తున్నారు కొందరు.

ఎముకలడాక్టర్ · 10

వద్దు, దయచేసి మానకండి. పోటీల్లో డాక్టరుగా నిలబడిన అనుభవంతో చెప్తున్నాను.

బాడీ ప్రొటెక్టర్ అంటే ఒత్తైన ఫోమ్. నేలకి తగిలినప్పుడు, గిట్ట తగిలినప్పుడు ఆ దెబ్బని ఒకచోట కాకుండా వెడల్పుగా పంచుతుంది. పక్కటెముకలకి అది చాలా మేలు. గుర్రం మొత్తం మీద పడితే ఆ బరువుని ఏ ఫోమూ మోయలేదు. ఒకప్పుడు దీనికోసమే లోహపు పంజరం ఉన్న చొక్కా కూడా వచ్చింది. అది బరువుగా ఉండేది, విప్పాలంటే ప్రత్యేకంగా తాళంచెవి లాంటి పనిముట్టు కావాలి. జనానికి అది అలవాటు కాలేదు.

ఎయిర్ వెస్ట్‌కి జీనుకి కట్టిన తాడు ఉంటుంది. మీరు జీను నుంచి దూరంగా పడితే తాడు లాగి గ్యాస్ సిలిండర్ పగులుతుంది, కన్ను మూసి తెరిచేలోపు చొక్కా ఉబ్బుతుంది. విడిగా పడినప్పుడు మెడకీ వీపుకీ దన్ను దొరుకుతుంది. కానీ గుర్రంతో పాటే మీరూ తిరుగుతుంటే ఆ తాడు ఎప్పుడు బిగుస్తుంది? అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య పోటీల్లో పడ్డవాళ్ళ రికార్డులు తీసి చేసిన ఒక అధ్యయనంలో ఎయిర్ వెస్ట్ వేసుకున్నవాళ్ళకి తీవ్ర గాయాలు తక్కువేమీ కాలేదు, ఎక్కువగానే కనబడ్డాయి. చొక్కా వల్లే అలా అయిందని దాని అర్థం కాదు, ఎక్కువ ప్రమాదంలోకి వెళ్ళేవాళ్ళే దాన్ని వేసుకుంటూ ఉండొచ్చు. అది వేసుకున్నాం కదా అని ధైర్యం పెంచుకోకూడదని మాత్రం అర్థం. నియమం ప్రకారం అది బాడీ ప్రొటెక్టర్ మీద వేసుకోవాల్సిందే, దానికి బదులుగా కాదు.

హెల్మెట్ గురించి రెండు ముక్కలు. 2022 డిసెంబర్‌లో వర్జీనియా టెక్ వాళ్ళు స్వారీ హెల్మెట్లని పరీక్షించి రేటింగులు ప్రకటించారు, కొనేముందు చూడండి. ధర ఎక్కువైతే రక్షణ ఎక్కువని అనుకోకండి. ఒక్కసారి తల నేలకి తగిలిందంటే ఆ హెల్మెట్ పని అయిపోయినట్టే. పైన గీత కూడా ఉండదు, లోపలి ఫోమ్ నలిగి ఉంటుంది. రెండోసారి అది మిమ్మల్ని కాపాడదు.

ఇంకొకటి. రైడర్ చేతికి కట్టుకునే మెడికల్ కార్డు. రక్తం గ్రూపు, అలర్జీలు, మందులు, గతంలో తలకి తగిలిన దెబ్బలు. నేను పడ్డవాళ్ళ దగ్గరికి పరిగెత్తి ఆ కార్డు తీసినప్పుడు సగం సార్లు ఖాళీగా ఉంటుంది. దయచేసి నింపండి.

దౌడు_దౌడు · 11

అన్నీ ఒప్పుకుంటాను. కానీ ఇంత భయపెడితే ఎవరు వస్తారు ఈ ఆటకి? ప్రమాదం మొత్తం తీసేస్తే అది క్రాస్ కంట్రీ కాదు. బ్రిటన్ రైడర్ లారా కొలెట్ 2013లో పడి ఆరు రోజులు కోమాలో ఉంది, కుడి కంటి చూపు పోయింది. అదే మనిషి 2022లో బ్రిటన్‌లోని బ్యాడ్మింటన్ అనే ఊళ్ళో జరిగే 5 స్టార్ ఈవెంటింగ్ పోటీ గెలిచింది, పారిస్ ఒలింపిక్స్‌లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం తెచ్చింది. నాకు ఆమెని చూస్తేనే ఎక్కాలనిపిస్తుంది.

మూడోజెండా · 12

నాకూ ఆమె అంటే గౌరవమే బాబూ. అదే 2022 బ్యాడ్మింటన్‌లోనే నికోలా విల్సన్ పడి వెన్నుకి దెబ్బ తగిలి స్వారీ మానేసింది. ఒకే మైదానం, ఒకే పోటీ. ఇద్దరూ గొప్ప రైడర్లే. నువ్వు ఆమె కథ చెప్పేటప్పుడు ఈమె కథ కూడా పక్కన పెట్టుకో, అంతే నేను కోరేది.

పాతజీను · 13

దౌడు తమ్ముడు చెప్పినదాంట్లో ఒకటి నిజం. ప్రమాదం సున్నా కాదు, ఎప్పటికీ కాదు. కానీ ఏ ప్రమాదం ఆటలో భాగమో, ఏది మన నిర్లక్ష్యమో విడదీయవచ్చు. ఐర్లాండ్‌లో ఒక పద్ధతి పెట్టారు. ప్రతి గుర్రానికీ గత పోటీల ఫలితాలని బట్టి రంగు ఇస్తారు. ఆకుపచ్చ వస్తే ఆ స్థాయికి సిద్ధం, పసుపు వస్తే ఆలోచించుకో, ఎరుపు వస్తే కింది స్థాయికి వెళ్ళి రా. "నా గుర్రం నాకు తెలుసు" అనే రైడర్‌కి అంకె ఎదురుగా నిలబడుతుంది. అది పెట్టాక అక్కడ గుర్రాలు పడటం తగ్గింది. ఇక్కడ ఎవరి ధైర్యాన్నీ ఎవరూ తగ్గించలేదు కదా? స్థాయి ఎక్కే తొందర తగ్గించారు, అంతే.

ప్రమాదకరంగా స్వారీ చేస్తే 25 పెనాల్టీ పాయింట్లు వేయొచ్చు, పసుపు కార్డు ఇవ్వొచ్చు. అలసిన గుర్రాన్ని తరుముతుంటే మధ్యలో ఆపేయొచ్చు. ఈ అధికారాలు పుస్తకంలో ఉన్నాయి, వాడటానికి మొహమాటపడే అధికారుల్ని నేను చాలామందిని చూశాను. నా కోపం వాళ్ళ మీద, రైడర్ల మీద కాదు.

చుక్కలగుర్రం_అమ్మ · 14

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. మూడోజెండా గారు రాసింది మూడుసార్లు చదివాను. నిన్న రాత్రి ఫోన్ మా అమ్మాయి చేతికిచ్చి అంతా చదవమన్నాను. తను ఇక్కడ రాస్తానంది.

ఆ_అమ్మాయినే · 15

నమస్తే అండీ. అన్నీ చదివాను. పల్టీ ఎలా జరుగుతుందో మా కోచ్ ఎప్పుడూ ఇంత విడమరిచి చెప్పలేదు, పడకు అన్నారు అంతే. నాకు కొయ్యపని అంకుల్‌ని ఒకటి అడగాలని ఉంది. కోర్స్ వాక్‌లో, అంటే పోటీకి ముందు దారంతా కాలినడకన చూసుకుంటూ నడుస్తున్నప్పుడు, ఏ ఫెన్స్ విరిగేదో, ఏది విరగనిదో ఎలా గుర్తుపట్టాలి?

రికాబు మేడం, సులువు దారి తీసుకుంటే మీ పిల్లల్ని మిగతావాళ్ళు తక్కువగా చూడరా? మా దగ్గర చూస్తారు.

కొయ్యపని · 16

అడిగినందుకు సంతోషం తల్లీ. ఫెన్స్ పక్కకి, వెనక్కి వెళ్ళి చూడు. దుంగ స్తంభానికి ఎక్కడ కలుస్తుందో అక్కడ లోహపు పిన్నో, ఎరుపో పసుపో క్లిప్పో కనబడుతుంది. కనబడకపోతే అక్కడి వాళ్ళని అడుగు, చెప్తారు. కానీ చూశాక మర్చిపో. రెండింటికీ ఒకేలా వెళ్ళాలి. నువ్వు చూడాల్సింది అడుగున గీత ఉందా, నీడ ఎక్కడ పడుతుంది, దిగే చోట నేల ఎలా ఉంది అన్నది. నీ పోటీ ఏ టైముకి ఉందో ఆ టైముకే ఒకసారి నడువు. పొద్దున ఉన్న నీడ మధ్యాహ్నం ఉండదు.

రికాబు · 17

చూస్తారమ్మా, అబద్ధం చెప్పను. మొదటి రెండు పోటీల్లో చూస్తారు. నా పిల్లల్లో ఒకడు మలుపులో గుర్రం తడబడిందని చెయ్యి పైకెత్తి తనంతట తానే ఆపేసి నడిపించుకుంటూ వచ్చాడు. గేటు దగ్గర ఎవరో నవ్వారు. వాడు జీను దించి గుర్రం కాళ్ళు తడిమి చూస్తే ముందు కాలు వేడిగా ఉంది. పశువైద్యుడు వచ్చి నరం వాచిందన్నాడు. ఇంకో ఫెన్స్ ఎగిరించి ఉంటే ఏమయ్యేదో నాకు ఊహించాలని లేదు. నవ్వినవాళ్ళు సాయంత్రం వచ్చి కాలెలా ఉందని అడిగి వెళ్ళారు.

చుక్కలగుర్రం_అమ్మ · 18

డాక్టర్ గారూ, ఒక విషయం చెప్పాలి. మీరన్నట్టు మెడికల్ కార్డు నింపుదామని ఇద్దరం కూర్చున్నాం. రక్తం గ్రూపు రాశాం, అలర్జీలు లేవని రాశాం. "తలకి తగిలిన దెబ్బలు" అన్న దగ్గర అది పెన్ను పట్టుకుని ఆగిపోయింది. నేను "లేవు" అని రాయమన్నాను. రాయలేదు. ఏడాది క్రితం ప్రాక్టీసులో పడి, కాసేపు ఏం జరిగిందో గుర్తులేదట. రెండు రోజులు తల తిరిగిందట. చెప్తే నేను స్వారీ మాన్పిస్తానని దాచిపెట్టింది. అప్పుడు పెట్టుకున్న హెల్మెట్టే ఇప్పటికీ పెట్టుకుంటోంది.

నాకు కోపం రాలేదు. చాలాసేపు మాట రాలేదు. చెప్పలేని పరిస్థితి నేనే తెచ్చాననిపించింది.

ఎముకలడాక్టర్ · 19

అమ్మా, చెప్పిందంటే అది పెద్ద విషయం, ఇద్దరికీ. మీ మీద తప్పు వేసుకోకండి. గుర్తు లేకపోవడం, తల తిరగడం అంటే కన్‌కషన్, అంటే దెబ్బకి మెదడు అదరడం, అయి ఉండొచ్చు. ఇప్పుడు బాగానే ఉన్నా, మళ్ళీ ఎగరడం మొదలుపెట్టేముందు న్యూరాలజిస్టుకి చూపించండి, మొత్తం జరిగింది జరిగినట్టు చెప్పించండి. ఆయన సరే అనేదాకా గుర్రం ఎక్కొద్దు. కార్డులో తేదీతో సహా రాయండి. కోచ్‌కి కూడా చెప్పండి, దాచొద్దు. ఆ హెల్మెట్ మాత్రం ఇక ఒక్కరోజు కూడా వద్దు.

ఆ_అమ్మాయినే · 20

కోచ్‌కి నేనే చెప్పాను. ఒక నిమిషం ఏం మాట్లాడలేదు, తర్వాత ముందే చెప్పాల్సింది కదమ్మా అన్నారు. డాక్టర్ సరే అనేదాకా గుర్రానికి దాణా పెట్టడం, మాలిష్ చేయడం, నేల మీద నడిపించడం నా పని అన్నారు.

చుక్కలగుర్రం_అమ్మ · 21

న్యూరాలజిస్టు దగ్గర గురువారం పొద్దున్నకి అపాయింట్‌మెంట్ దొరికింది. పాత హెల్మెట్ పట్టీలు కత్తెరతో కోసేసి పారేశాను, ఎవరైనా తీసుకుని పెట్టుకోకుండా. కోసేటప్పుడు లోపలి గుడ్డ తీసి చూశాను. కుడి పక్కన ఫోమ్‌లో బొటనవేలు పట్టేంత గుంట ఉంది.